హెబ్బగోడి షెడ్డులో పద్మిని

చెప్పులు విప్పకండి. గుమ్మం ముందు ముగ్గు చూసి అలవాటు కొద్దీ విప్పబోతారు గానీ, మనం వెళ్లేది ఇంట్లోకి కాదు. మెట్ల పక్కనుంచి వెనక్కి ఒక సందు ఉంది. ఆ సందంతా ఇనప రజను, తెగిన తీగముక్కలు, అరిగిపోయిన కటింగ్ చక్రాలు. తల కాస్త వంచండి, రేకుల చూరు కిందికి ఉంటుంది.

బెంగళూరులో హోసూరు రోడ్డు మీద మెట్రో దిగి, కంపెనీ బస్సుల వరుస దాటి, నాలుగైదు మలుపులు తిరిగితే వచ్చే వీధి ఇది. చుట్టూ నాలుగంతస్తుల అద్దె ఇళ్లు, పీజీలు, బాల్కనీల నిండా ఆరేసిన యూనిఫారాలు. కింద కిరాణా కొట్టులో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ ఒకే బేరంలో కలిసిపోతాయి. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు నిద్రపోయే వేళ కాబట్టి, ఆదివారమైనా తొమ్మిది దాటేదాకా మామ గ్రైండరు ముట్టుకోడు. ఇప్పుడు తొమ్మిదిన్నర అయింది. షెడ్డులోంచి నిప్పురవ్వలు గుమ్మం దాకా వస్తున్నాయి.

“అల్లుడా, అద్దాలు పెట్టుకోని రా. వచ్చినోళ్లకు గూడా ఒక జత ఇయ్యి. కంట్లో రవ్వ పడితే ఆదివారం డాక్టరు దొరకడు.”

పెట్టుకున్నారా? అయితే దగ్గరికి రండి. స్టాండ్ల మీద నడుమెత్తున నిలబడ్డది 1975 నాటి ప్రీమియర్ పద్మిని. గుర్తుపట్టడం కష్టమే. తలుపులు లేవు, సీట్లు లేవు, అద్దాలు లేవు. ఇంజను మూలన గోనెపట్టా కింద ఉంది. లేత నీలం రంగు పైకప్పు మీద కొంచెం మిగిలింది, తక్కినదంతా తుప్పు, పాత లప్పం, కొత్తగా పూసిన రెడ్ ఆక్సైడు. తలుపులుండాల్సిన ఖాళీల్లో ఏటవాలుగా ఇనప పైపులు వెల్డింగు చేసి ఉన్నాయి చూడండి. అవి లేకుండా ఇక్కడ ఒక్క ముక్క కూడా కొయ్యకూడదు. లారీకైతే కింద ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింది గడపలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కుళ్లిన గడపను కోసేశామంటే బండి నడుము కుంగుతుంది. ఎంత అందంగా కొత్తది అతికించినా తర్వాత తలుపు పడదు. అందుకని కోతకు ముందే పైపులు, పైపులకు ముందే కొలతలు. ఆ కొలతలన్నీ మామ గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. తుడిచెయ్యకండి, భుజం తగిలేట్టుంది.

సుత్తి తీసుకుని నేల మీద అలా కొడుతూ పోతున్నాడు. ఖంగు. ఖంగు. ఖంగు. ఎడమ వైపు ముందు సీటు కిందికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి కొంచెం నొక్కాడంతే, రేకు అప్పడంలా విరిగి కింద సిమెంటు మీద పడింది. బొక్కలోంచి షెడ్డు నేల కనిపిస్తోంది.

“చూసినావా, పైన రబ్బరు మ్యాటు బాగుండాది, మ్యాటు కింద ఫెల్టు గూడా బాగుండాది. కిందే అంతా అయిపోయింది. నీళ్లు యాడ్నించి వచ్చింటాయి, చెప్పు?”

“డోరు బీడింగు పోయిందేమో మామా.”

“కాదు. ముందు అద్దం రబ్బరు. అది ఎండిపోయి చిట్లింది. వాన నీళ్లు అద్దం కిందనుంచి కారి, డాష్‌బోర్డు ఎనకనుంచి దిగి, ఫెల్టులో నిలిచిపోయినాయి. రబ్బరు మార్చకుండా నేల మార్చినామంటే, ఐదేండ్లకు మళ్లా ఇదే పని.”

తుప్పు కనిపించిన చోట కాక, నీళ్లు వచ్చిన చోట పని మొదలవుతుందన్నమాట. అద్దం సంగతి తర్వాత వస్తుంది, అప్పుడు మీ చెయ్యి కూడా కావాలి.

మామది పుంగనూరు వైపు పల్లె. కుర్రతనంలో బెంగళూరు వచ్చి, రిటైరయ్యేదాకా బొమ్మసంద్ర పారిశ్రామిక వాడలో టూల్ అండ్ డై మేకర్. ప్రెస్సులో రేకు పెడితే ఏ ఆకారం రావాలో ఆ ఆకారానికి ఉక్కు అచ్చు చెక్కడం ఆయన వృత్తి. పలమనేరు దగ్గర ఒక రైసుమిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఈ బండిని పాత ఇనుము ధరకు కొని లారీలో తెచ్చాడు. ఎందుకు మామా అంటే, “చేతులు ఊరికే ఉండలేవు గదా” అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

బండి పుట్టింది మాత్రం బొంబాయి కుర్లాలో. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, ఇటలీ ఫియట్ లైసెన్సు మీద 1964 నుంచి 1100 డి మోడల్‌ను ఇక్కడ తయారు చేసింది. 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, 1974లో పద్మిని అని పేర్లు మారాయి. యంత్రం అదే: 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగు కిందే గేరు రాడ్డు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన మధ్యతరగతికి సొంత కారంటే అంబాసిడరో ఇదో, మహా అయితే మద్రాసు నుంచి వచ్చే స్టాండర్డో. డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురు చూసేవారు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో చివరి పద్మిని 2023 అక్టోబరు 30తో రోడ్డు మీదినుంచి తప్పుకుంది. కాబట్టి నేల రేకు కావాలని షోరూముకి వెళ్లే దారి లేదు. పాత స్టాకు ఎక్కడైనా దొరికితే సంతోషం, లేకపోతే చేసుకోవడమే.

చేసుకోవడం ఎలాగో చూడండి. ఆ మూలనున్న వాషింగ్ మిషన్ అట్టపెట్టె ఇటు లాగండి. అట్టను బొక్క మీద పరిచి, అంచుల వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోతే గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తిరించి మళ్లీ పెట్టి చూస్తాడు, మళ్లీ కత్తిరిస్తాడు. అట్ట సరిగ్గా కూర్చున్నాకే రేకు జోలికి పోతాడు. రేకు 18 గేజి సీఆర్ షీటు, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం. అట్టను దాని మీద పెట్టి సూదిమొన ఉక్కుతో గీత గీశాడు. పెన్సిలు గీత అయితే వేడికి పోతుందట.

ఇప్పుడు అసలు సంగతి. పాత నేల చదునుగా ఉండదు, పొడుగూతా ఉబ్బెత్తు గీతలుంటాయి. వాటిని అలంకారం అనుకునేరు. చదును రేకు మీద కాలు పెడితే డబ్బా మూత మాదిరి లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది, బండి నడుస్తుంటే మోగుతుంది. గీతలుంటే బిగువుగా నిలుస్తుంది. కుర్లాలో వాటిని పెద్ద ప్రెస్సు ఒక్క దెబ్బతో వేసింది. మామ దగ్గర ప్రెస్సు లేదు గానీ, అచ్చు చెక్కే చెయ్యి ఉంది. మందపాటి ఇనప పలక మీద రెండు బద్దలు పక్కపక్కన వెల్డింగు చేసి, మధ్యలో గాడి వదిలాడు. గాడిలో ఇమిడే గుండ్రటి రాడ్డు ఒకటి పైన. సీ ఛానెల్ ముక్కలతో నిలువు చట్రం కట్టి, అందులో లారీలకు వాడే బాటిల్ జాకీని బిగించాడు. రేకును గాడి మీద పెట్టి, రాడ్డు పైన పెట్టి, జాకీ పిడి కొడితే రాడ్డు రేకును గాడిలోకి దింపుతుంది. ఒక జానెడు దిగాక రేకు జరిపి మళ్లీ. వంగిపోయిన అంచులను చింతమొద్దు మీద పెట్టి చెక్క సుత్తితో సరిచేస్తాడు. చింతమొద్దే ఎందుకంటే చీలదు, రేకు మీద మచ్చ పడనివ్వదు. టింకరింగు షాపుల్లో ఇప్పటికీ ఆ మొద్దే ఉంటుంది.

వేలితో తడమండి. పాత గీతా కొత్త గీతా కలిసే చోట కళ్లు మూసుకుని తడిమితే తేడా తెలియదు.

“ఇది ఒరిజినల్ కాదు గదా” అనేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. పాత కార్ల ప్రేమికుల్లో కంపెనీ ముద్ర ఉన్న మరమేకు కోసం ఊళ్లు తిరిగేవాళ్లున్నారు, వాళ్ల శ్రద్ధ మీద నాకు గౌరవమే. కానీ అదే మందం, అదే ఆకారం, అదే బలంతో, అదే పని చేసే రేకును అచ్చు చెక్కడమే వృత్తిగా బతికిన మనిషి చేస్తే, అది ఏ రకంగా తక్కువో నాకు అర్థం కాదు. క్యూబాలో 1960ల అమెరికా ఆంక్షల తర్వాత విడిభాగాలు ఆగిపోతే, అక్కడి జనం పాత షెవర్లేలను ఇలాగే చేతిపనితో ఇప్పటిదాకా నడుపుకొస్తున్నారు. ఆ కార్లు అక్కడ మ్యూజియంలో లేవు, టాక్సీలుగా తిరుగుతున్నాయి.

వెల్డింగు మొదలవుతోంది, ఆ మంట వైపు చూడకండి. సీఓటూ గన్నుతో ఇక్కడొక చుక్క, అటు చివర ఒక చుక్క, మధ్యలో ఒకటి. ఒకే చోటినుంచి గీతగా లాక్కుంటూ పోతే వేడికి రేకు మెలి తిరుగుతుంది. నాలుగు చుక్కలు పెట్టి ఆగుతాడు, చేత్తో తాకగలిగే వేడికి వచ్చాకే మళ్లీ. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ఎప్పుడో బయటికి పోయాయి. నీళ్ల బకెట్టు, తడి గోనె పక్కనే. కింద పడుకుని రవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూసే పని నాది.

ఇటు పెరట్లోకి రండి, గాలి కూడా ఆడుతుంది. నీలం డ్రమ్ములో బుడగలు వస్తున్నాయి కదా, అది అత్త నీళ్లు పట్టుకునే డ్రమ్ము. కొత్తది కొనిస్తానని మామ ఒప్పించాడు. నీళ్లలో బట్టల సోడా కలిపారు, ఐదు లీటర్లకు ఒక పెద్ద చెంచా లెక్కన. డ్రమ్ము గోడ వెంట నాలుగు పక్కలా కాంక్రీటు కమ్మీ ముక్కలు, నాలుగూ తీగతో కలిపి పాత బ్యాటరీ ఛార్జరు ప్లస్సుకి. మధ్యలో తీగకు వేలాడుతున్న బానెట్టు కబ్జా మైనస్సుకి. కరెంటు పారుతుంటే కబ్జా మీది తుప్పు వదులైపోతుంది, కమ్మీలు తరిగిపోతాయి. పన్నెండు గంటల తర్వాత తీసి బ్రష్షుతో రుద్దితే నల్లటి మడ్డి ఊడిపోయి కింద నిఖార్సైన ఇనుము. యాసిడ్‌లో వేస్తే తుప్పుతో పాటు మంచి ఇనుమూ పోతుంది, ఇందులో పోదు.

మూడు కట్టుబాట్లు ఉన్నాయి దీనికి. కమ్మీ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. ఆ బుడగలు హైడ్రోజన్, కాబట్టి మూసిన గదిలో పెట్టకూడదు, బీడీ వెలిగించి దగ్గరికి రాకూడదు. ఇక స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులు వెయ్యకూడదు, హైడ్రోజన్ ఉక్కులోకి దూరి పెళుసుగా చేస్తుంది. సస్పెన్షన్ స్ప్రింగు రోడ్డు మీద పుటుక్కున విరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాటిని చేత్తోనే రుద్దాలి. రుద్దుతున్నది ఎక్కువగా నేనే.

పెట్రోలు ట్యాంకుకు ఇంకో ఉపాయం. లోపల ఎండిన పెట్రోలు జిగురు, పొలుసులు. గుప్పెడు నట్లు, మూరెడు సన్న గొలుసు లోపల వేసి, సబ్బునీళ్లు పోసి, గోనెలో చుట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊపాం. మొదట వచ్చిన నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి, తేటగా వచ్చేదాకా ఊపుతూనే ఉన్నాం. చిల్లులుంటే వెల్డింగు పెట్టించొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలితే మనిషి మిగలడు. ఆ పని తెలిసినవాళ్లు ముందు ఆవిరంతా పోగొట్టాకగానీ మంట దగ్గరికి రానివ్వరు. మామకు వెల్డింగు తెలిసీ ట్యాంకు ముట్టుకోలేదు. ఇంధనం పైపులు కూడా మారుస్తున్నాడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి పుట్టినప్పటి రబ్బరు దానికి ఓర్చుకోదు, మెత్తబడి పగుళ్లిస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే రకం గొట్టాలు కొని తెచ్చాం. ఇలాంటిచోట చేతిపని చూపించాలనుకోవడం మొండితనం.

సోమవారం. నాతో బొమ్మసంద్ర రండి, బైకు మీద దగ్గరే. దేశంలో ఎలక్ట్రిక్ కార్ల మాట పెద్దగా వినపడని 2001లోనే రేవా కారును మార్కెట్లోకి తెచ్చింది ఈ వాడే. పెద్ద గేట్ల మధ్య సందుల్లోకి తిరిగితే షెడ్లు: ఒకదాంట్లో లేతు పని, ఒకదాంట్లో స్ప్రింగులు చుడతారు, ఒకదాంట్లో రబ్బరు పోస్తారు, ఒకదాంట్లో పౌడర్ కోటింగు. బెంగళూరులో 1953లో హెచ్ఎంటీ మొదలైనప్పటినుంచి ఈ ఊరు యంత్రాలు చేసే యంత్రాలతోనే పెరిగింది. ఆ చదువు ఇలాంటి సందుల దాకా పాకింది. హెబ్బగోడిలో పాత కారును ఇంట్లో బాగు చేసుకోవడం సాధ్యమవుతోందంటే కారణం ఈ షెడ్లే. ఇదే బండి వేరే ఊళ్లో ఉంటే చిన్న బుష్ కోసం నెలలు ఆగాలి.

జేబులోంచి మామ అరిగిన బుష్ తీశాడు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉంటుంది గానీ గేరు పెట్టె ఎక్కడో కింద. మధ్యలో రాడ్లు, కీళ్లు, ప్రతి కీలుకూ ఒక బుష్. అవన్నీ తలా కాస్త అరిగితే, చేతిలో రాడ్డు జానెడు ఊగుతుంది, కింద గేరు మాత్రం పడదు. లేతు దగ్గరున్న కుర్రాడు వెర్నియర్‌తో కొలిచి తెల్లటి నైలాన్ రాడ్డు అందుకున్నాడు.

“అది వద్దప్పా” అన్నాడు మామ. “నైలాను తేమ పీల్చి ఉబ్బుతుంది. వానాకాలంలో గేరు బిగుసుకుంటుంది. డెల్రిన్ ఉందా?”

ఉంది. లేతు తిరిగింది, తెల్లటి చుట్టలు చుట్టలుగా పొట్టు రాలింది. రాడ్డు అండాకారంగా అరిగింది కాబట్టి బుష్ రంధ్రం కొంచెం బిగువుగానే తీయించాడు. ఇంటికి వచ్చాక చేతి రీమరుతో తిప్పుతూ, పెట్టి చూస్తూ, మళ్లీ తిప్పుతూ సరిపెట్టాడు. ఇప్పుడు రాడ్డు కదిపి చూడండి. వేలికి తగిలిన కదలిక అటు చివర అప్పుడే కనిపిస్తోంది.

ఇంజను సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో సగం మా పని కాదు. చైన్ బ్లాకుతో దింపి, సిలిండర్లు రీబోరింగ్ షాపుకి పంపాం. గాస్కెట్లు మాత్రం ఇంట్లోనే కత్తిరించాం. గాస్కెట్ కాగితాన్ని లోహపు అంచు మీద పరిచి బాల్‌పీన్ సుత్తితో అంచు వెంట తట్టుకుంటూ పోతే, ఆ అంచే కత్తెర అవుతుంది. వైరింగు ప్లైవుడ్ పలక మీద మేకులు కొట్టి, వాటి చుట్టూ తిప్పి అల్లాం. తీగలు బెంగళూరు ఎస్పీ రోడ్డు కొట్లలో కొన్నవి.

సీట్లు అత్త చేతిలో ఉన్నాయి. బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కుట్టిన మనిషి. ముందు గదిలోకి తొంగి చూడండి, ఉషా మిషను మీద 18 నంబరు సూది, ఎర్ర రెక్సిను. పాత కవరును కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ఆ ముక్కల్నే నమూనాగా పెట్టుకుంది. కింద స్ప్రింగులు తెగిన చోట పురికొసతో ముడులు వేసి, పైన కొబ్బరిపీచు పరుపు, దాని మీద నూలు దూది. అంచున పైపింగు కుట్టేటప్పుడు మిషను చక్రం చేత్తోనే తిప్పుతోంది, మోటారు వాడదు.

“రెక్సినులో సూది దిగితే బొక్క పోదు నాయనా. గుడ్డయితే విప్పి కుట్టచ్చు. దీంట్లో ఒక్కసారే” అంది తలెత్తకుండా. మామ అచ్చులకు ఇచ్చినంత మర్యాద ఈ పైపింగుకూ ఇవ్వాలని నాకనిపిస్తుంది. కారెక్కినవాళ్ల ఒంటికి తగిలేది ఇదే.

బ్రేకుల దగ్గర మామ వేరే మనిషి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఈ కాలపు బండికి హైడ్రాలిక్ వ్యవస్థ ఒకే సర్క్యూట్. అంటే ఎక్కడ ఒక్క చోట ఆయిలు కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మాస్టర్ సిలిండరు లోపల సన్న గుంటలున్నాయి. లేతు మీద తిరగతోడి వేరే వాషరు వేద్దామా అని నేనడిగాను.

“దీంట్లో మన తెలివి వద్దు అల్లుడా” అన్నాడు. “నేల రేకు నేను చేస్తా, పాడైతే మళ్లా చేస్తా. బ్రేకు పాడైతే మళ్లా అనేది ఉండదు. కొత్తది తెప్పిస్తాం, ఎన్ని నాళ్లయినా కానీ.”

తెప్పించాడు. కొత్త సిలిండరు, కొత్త రబ్బరు కప్పులు, కొత్త ఉక్కు పైపులు. పైపు చివరలు రెండు మడతలుగా విచ్చుకునేలా సరైన పనిముట్టుతోనే చేయించాడు. చేతిపని మీద నాకు ఇంత ప్రేమ ఉండటానికి ఒక కారణం, అది ఎక్కడ ఆగాలో దానికి తెలిసి ఉండటం. తెలియని చోట అది చేతిపని కాదు, అజాగ్రత్త.

ఇక అద్దం. రండి, మీరు బయటివైపు. చేతులు కడుక్కోండి, ఉంగరం ఉంటే తీసెయ్యండి.

కొత్త రబ్బరు బీడింగును అద్దం చుట్టూ తొడిగేశాం, అతుకు కింద నడుమకు వచ్చేట్టు. రబ్బరు బయటి అంచులో ఒక గాడి ఉంది, బాడీ రేకు దూరాల్సింది అందులో. ఆ గాడిలో నున్నటి నైలాన్ తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలూ కింద నడుమ కలిపి లోపలికి వదిలాం. గాడికి సబ్బు నీళ్లు పూశాం. నూనె మాత్రం వద్దు, రబ్బరును తింటుంది. ఇప్పుడు ముగ్గురం అద్దాన్ని ఎత్తి చోటు మీద ఆనించాం. మామ లోపల ముందు సీటు చోట మోకాళ్ల మీద. ఆయన తాడు కొస లాగుతుంటే, రబ్బరు లోపలి పెదవి రేకు దాటి ఇటు వస్తుంది. తాడు ఎక్కడ వస్తోందో సరిగ్గా అక్కడే మీరు బయటినుంచి అరచేత్తో నొక్కాలి. వేళ్లతో కాదు, అరచేత్తో.

“నొక్కండి సార్. ఆ, అట్ల. ఇంకొంచెం ఎడమకు. ఆగండి.”

మూల దగ్గర తాడు బిగుసుకుంది. ఇక్కడే అద్దాలు పగులుతాయి. మామ లాగడం ఆపి, మొద్దు చేసిన చెక్క గరిటె తిరగేసి దాని కాడతో రబ్బరు పెదవిని లేపాడు. నేను సబ్బు నీళ్లు వేశాను. మళ్లీ లాగాడు. టక్కుమని శబ్దం వచ్చింది, అందరం బిగదీసుకుపోయాం. పగల్లేదు. రబ్బరు మూలలో కూర్చున్న శబ్దం అది. అక్కడినుంచి పైఅంచు పొడుగూతా తాడు జారిపోయింది, రెండో మూల తేలిగ్గా వచ్చింది. ఆఖరి మూరెడు తాడు మామ చేతిలోకి వచ్చేసరికి మీ చొక్కా కూడా తడిసింది చూసుకోండి.

గొట్టం తెచ్చి అద్దం మీద నీళ్లు వదలండి. మామ లోపల టార్చి పట్టుకుని, డాష్‌బోర్డు కింద తలదూర్చి, కొత్త నేల మీద పొడి న్యూస్‌పేపరు పరిచి చూస్తున్నాడు. పేపరు మీద ఒక్క చుక్క పడినా మళ్లీ విప్పుతాడు. ఎడమ వైపు, కుడి వైపు, పై అంచు. పేపరు బయటికి తీసి నాకు చూపించాడు. పొడిగానే ఉంది.

ఇంజను ఎక్కించాక పాయింట్ల టైమింగు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, స్కూటరు బల్బు చాలు. మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ బొక్క మీద మీ బొటనవేలు పెట్టండి. మామ ముందునుంచి పుల్లీ నట్టును స్పానరుతో తిప్పుతాడు. వేలిని గాలి బలంగా నెట్టిందా? అదే కంప్రెషను. పుల్లీ మీది గుర్తు ఎదురు గుర్తుకు వచ్చేదాకా ఇంకాస్త తిప్పి ఆపాడు. బల్బు ఒక తీగ డిస్ట్రిబ్యూటరుకు, రెండోది బాడీకి. తాళం తిప్పి, డిస్ట్రిబ్యూటరును గోరంత గోరంతగా తిప్పుతున్నాడు. బల్బు ఆరి ఉంది, ఆరి ఉంది, వెలిగింది. పాయింట్లు విడిపోయే క్షణం అదే, ప్లగ్గులో నిప్పు పుట్టాల్సిన క్షణమూ అదే. అక్కడ బోల్టు బిగించాడు. 1-3-4-2 వరుసలో ప్లగ్గు తీగలు తొడిగాం.

మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి ఒక పక్క మాత్రమే అందుకుంది. చోకు కాస్త లాగి మూడోసారి తిప్పేసరికి నాలుగూ కలిసి పలికాయి, షెడ్డు రేకులు అదిరాయి. ఎదురింటి బాల్కనీలో రాత్రి షిఫ్టు కుర్రాడు లేచి వచ్చి నిలబడ్డాడు. మామ చెయ్యెత్తి క్షమించమన్నట్టు చూపిస్తే, వాడు నవ్వి ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. పై ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే దిగివచ్చారు. ఒక ముసలాయన బానెట్టు మీద చెయ్యేసి, తను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆనేకల్‌లో ఇలాంటి దాన్ని తుడిచేవాణ్నని కన్నడంలో చెబుతున్నాడు.

రిజిస్ట్రేషను పని ఇంకా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషనుకు యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజిగా నమోదు చేసుకోవచ్చు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000, పదేళ్లకు చెల్లుతుంది. బండి అసలు రూపంలో ఉండాలి. బాడీ షెల్లు, ఛాసిస్, ఇంజను మార్చేసి ఉండకూడదు. రోజువారీ తిరగడానికి వాడకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో అయితే సరే. కొత్త నేలకు పాత గీతల్నే అచ్చుగా దించడంలో మామ పట్టుదలకు ఇదీ ఒక కారణం. ఫోటోలు, బిల్లులు, సుద్ద కొలతలు అన్నీ నేను ఫైలు కడుతున్నాను.

అంతవరకూ రోడ్డెక్కకూడదు కాబట్టి గేటు లోపలే, ఇంటి పక్క ఖాళీ సైటులో. మీరు వెనక సీట్లో కూర్చోండి, కొబ్బరిపీచు వాసన వస్తుంది. మామ స్టీరింగు దగ్గర, నేను బయట చక్రాల పక్కన. ఫస్టు గేరు ఒక్క కదలికలో పడింది. బండి కదిలింది, మట్టి మీద మెల్లగా పది గజాలు. మామ బ్రేకు తొక్కాడు. ఆగింది గానీ ముక్కు ఎడమకు తిరిగింది. నేను వంగి చూశాను: ఎడమ ముందు చక్రం గట్టిగా పట్టి మట్టిలో గీత గీసింది, కుడిది ఇంకా తిరుగుతూనే ఆగింది.

“కుడి పక్క షూ దూరంగా ఉండాది” అన్నాడు దిగుతూ. “ఎక్కువ లేదు, రెండు పండ్లు తిప్పితే సరిపోతుంది. సార్, మీరు దిగండి. అల్లుడా, జాకీ తే, ముందు ఎనక చక్రాలకు రాళ్లు పెట్టు.”